తమ్ముడు ఐటీఐలో ఫిట్టర్ అంటున్నాడు, నాన్న ససేమిరా అంటున్నారు

కొలిమింటి పెద్దోడు అడిగారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది అనకాపల్లి దగ్గర ఒక పల్లె. నాన్న కొలిమి పని చేసేవారు. చెరుకు నరికే కత్తులు, కొడవళ్లు, నాగలి కర్రులు. మా చిన్నప్పుడు బెల్లం సీజన్ మొదలయ్యే ముందు కత్తులు పదును పెట్టించుకునేవాళ్లు తెల్లారకముందే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ట్రాక్టర్లు వచ్చాక కర్రుల పని పోయింది. బజార్లో రెడీమేడ్ కత్తులు వచ్చాక మిగతాదీ పోయింది. సుత్తి ఎత్తి ఎత్తి ఆయన కుడి భుజం ఇప్పటికీ సరిగ్గా లేవదు. ఈ ఇనుము తనతోనే ఆగిపోవాలని నన్ను అప్పు చేసి బీటెక్ చదివించారు. నేను వెళ్లి మళ్లీ మెకానికలే తీసుకున్నాను, అది వేరే కామెడీ. 2019లో పాసై, ఏడాదిన్నర ఖాళీగా తిరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. బీటెక్ నాలుగేళ్లలో నేను చేత్తో చేసింది ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఒక వీ-ఫిట్టింగ్ (వీ ఆకారంలో ఒకదాంట్లో ఒకటి కూర్చునే రెండు ఇనుప ముక్కలు). నిజం చెప్పాలంటే అదీ ల్యాబ్ అటెండర్ గారే చేసిపెట్టారు, నేను రోల్ నంబర్ పంచ్ కొట్టానంతే.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఈ ఏడాది పది పాసయ్యాడు. మార్కులు మరీ తక్కువ కాదు, గొప్పవీ కాదు. పాలిసెట్ రాశాడు, ర్యాంకు దూరంగా వచ్చింది. ఎక్కడో ఒక ప్రైవేట్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ సీటు రావచ్చు. వాడేమో ఐటీఐలో ఫిట్టర్ (ఇనుప భాగాల్ని కొలతకి తెచ్చి, అమర్చి బిగించే పని) చేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. మా వీధిలో పవర్ స్ప్రేయర్ స్టార్ట్ కాకపోతే వీడినే పిలుస్తారు. కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ విప్పిన వరసలోనే న్యూస్‌పేపర్ మీద పేర్చుకుని కూర్చుంటాడు. పుస్తకం ముందు అరగంట కూర్చోని వాడు దాని ముందు పూటంతా కూర్చుంటాడు.

నాన్న మాట ఒక్కటే: “ఇనుము కొట్టుకోడానికి సర్టిఫికెట్ కూడానా?”

అమ్మ మధ్యలో నలిగిపోతోంది. ఇద్దరూ నాకే ఫోన్లు చేస్తున్నారు, ఫుల్ టెన్షన్. ఐటీఐ ఫిట్టరా, డిప్లొమా మెకానికలా? ఐటీఐ అయితే ఊరికి దగ్గరగా ఉన్న ప్రైవేట్‌దా, గవర్నమెంట్‌దా? రెండేళ్ల తర్వాత నిజంగా ఏం పని దొరుకుతుంది? ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది. ‘ప్యాషన్ ఫాలో అవ్వమనండి’ లాంటివి దయచేసి వద్దు.

---

బాలానగర్ జాబ్‌వర్క్ రాశారు:

తమ్ముడూ, నాకు హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపుంది. మూడు లేత్‌లు (ఇనుము తిప్పుతూ చెక్కే మెషిన్లు), ఒక మిల్లింగ్ మెషిన్, రెండేళ్ల కింద అప్పుచేసి కొన్న వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) ఒకటి. నేను చదివింది పది, మిగతాదంతా మా మేస్త్రి చేత తిన్న తిట్లు.

నా దగ్గరికి డిప్లొమా పిల్లలూ వస్తారు, ఐటీఐ పిల్లలూ వస్తారు. సర్టిఫికెట్ తర్వాత చూస్తా. ముందు ఒక షాఫ్ట్ (గుండ్రటి ఇనుప కడ్డీ) ముక్క, మైక్రోమీటర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) చేతికిచ్చి సైజు చెప్పమంటా. పోయిన నెల ఒకడొచ్చాడు, డిప్లొమా ఫస్ట్ క్లాసు. మైక్రోమీటర్‌ని సీ-క్లాంప్ బిగించినట్టు బిగించాడు. ఎక్కువ బిగుసుకోకుండా చివర్న ఉండే ర్యాచెట్ ఎందుకుంటుందో తెలీదు. అదే వారం ఐటీఐ టర్నర్ (లేత్ పని) పిల్లాడు వచ్చాడు. వాడు ముందు షాఫ్ట్ తుడిచాడు, తర్వాత మైక్రోమీటర్ మూసి జీరో చూసుకున్నాడు, ఆ తర్వాతే కొలిచాడు. వాడు సైజు చెప్పేలోపే నేను పనిలోకి తీసుకోవాలని అనుకున్నా.

డిప్లొమా వాళ్లంతా అలాగే అని కాదు. ఐటీఐలో కూడా లేత్ చక్‌లో (ముక్కని పట్టి తిప్పే భాగం) బిగించే కీ వదిలేసి స్విచ్చేసే మహానుభావుల్ని చూశా. ఆ కీ ఎగిరొచ్చి తగిలితే మనిషి ఉండడు.

డబ్బు సంగతి దాచను. కొత్తోడికి నెలకి నేనిచ్చేది 13,000. ఓవర్‌టైమ్ వేరు. మూడేళ్లు నిలబడి డ్రాయింగ్ చదివి, తనే మెషిన్ సెట్టింగ్ చేసుకోగలిగితే ఆ మాట మారిపోతుంది, అప్పుడు నేనే బతిమాలుకోవాలి. మంచి సెట్టర్‌ని పక్క షాపువాడు ఎగరేసుకుపోతాడని మాకెప్పుడూ భయమే.

ఇంకో మాట. మా పక్కనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, సెంట్రల్ గవర్నమెంట్‌ది, 1968 నుంచీ ఉంది. పది తర్వాత నాలుగేళ్ల టూల్ అండ్ డై (పనిముట్లు, అచ్చులు తయారుచేసే) డిప్లొమా ఉంటుంది. ఎంట్రన్స్ రాయాలి, ఫీజు ఐటీఐలా ఉండదు. విజయవాడలోనూ వాళ్ల బ్రాంచ్ ఉంది. చేతిపని, డిజైన్ రెండూ వస్తాయి. మీవాడు పట్టుబట్టి చదవగలిగితే అదీ చూడండి.

---

పాత ట్రైనీ రాశారు:

అన్నా, నీ పోస్టులో ‘ఊరికి దగ్గరగా ఉన్న ప్రైవేట్‌ది’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయా. నేను చేసింది అలాంటి దాంట్లోనే. పేరు చెప్పను.

ఫిట్టర్ రెండేళ్లు. షెడ్డులో లేత్ ఉండేది, దానికి కరెంటు కనెక్షన్ ఉండేది కాదు. నీలం టార్పాలిన్ కప్పి ఉంచేవారు. ఇన్‌స్పెక్షన్ రోజు టార్పాలిన్ తీసి నూనె పూశారు, మమ్మల్ని చుట్టూ నిలబెట్టి ఫొటో తీశారు. నా చెయ్యి దాని హ్యాండిల్ మీద ఉంది ఆ ఫొటోలో. అది తిరగ్గా నేనెప్పుడూ చూడలేదు. ఇరవై మందికి వైస్‌లు (ముక్కని బిగించి పట్టే దవడలు) ఏడు. ఇనుము రాసే ఫైళ్లు ఎంత అరిగిపోయాయంటే వాటితో వీపు గోక్కోవచ్చు. నెలకి నాలుగు రోజులు వస్తే చాలు, హాజరు వాళ్లే చూసుకునేవారు. మాకూ అప్పుడు హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు.

పాసయ్యా. పరవాడలో ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద చేరా. మొదటి రోజే ఫోర్‌మన్ “పంప్ గ్లాండ్ ప్యాకింగ్ మార్చు” అన్నాడు, అంటే పంపు షాఫ్ట్ దగ్గర కారకుండా చుట్టే తాడు. గ్లాండ్ ఏదో నాకు తెలీలేదు. నాకంటే చిన్నవాడు, కంచరపాలెం గవర్నమెంట్ ఐటీఐలో చదివినవాడు, పక్కకి పిలిచి మెల్లగా చూపించాడు. ఆ ఏడాది వాడి దగ్గర నేర్చుకున్నదే నా ఐటీఐ.

ప్రైవేట్‌లన్నీ ఇంతేనని అనను. బాగా నడిపేవాళ్లూ ఉన్నారట. చేరేముందు రెండు చూడు. కేంద్రం ఇచ్చే గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ అనేవారు) కాలేజీ మొత్తానికి కాదు, ట్రేడ్‌కీ (కోర్సు) యూనిట్‌కీ (బ్యాచ్) ఉంటుంది. ఫిట్టర్‌కి ఉందా అని విడిగా అడుగు. రెండోది, వర్క్‌షాప్ నేల చూడు. ఇనుప రజను లేకపోతే వెనక్కొచ్చెయ్.

---

ముప్పయ్యేళ్ల వైస్ రాశారు:

పెద్దబాబూ, నేను గవర్నమెంట్ ఐటీఐల్లో ఫిట్టర్ చెబుతూ రిటైరైనవాణ్ణి. అంతకుముందు నేనూ ఫిట్టర్‌నే. పైన ఆ అబ్బాయి రాసింది చదివి మనసు చివుక్కుమంది, కానీ ఇనుప రజను మాట మాత్రం బంగారం.

మీ నాన్నగారి ప్రశ్న దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అది చిన్న ప్రశ్న కాదు. కొలిమిలో కంటితో చేసే పని ఐటీఐలో కొలతతో చేస్తాం. తేడా అదే. ఇనుము ఎర్రబడిన తీరు చూసి ఎక్కడ దెబ్బ వేయాలో ఆయనకి తెలుసు, కానీ అది ఆయన చేతిలోనే ఉండిపోతుంది. మేం చేయించే ముక్క విశాఖపట్నంలో ఒకడు, పుణెలో ఇంకొకడు ఒకరినొకరు చూడకుండా చేసినా ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. దానికే డ్రాయింగ్, దానికే లిమిట్లు (కొలత ఎంత వరకు అటూ ఇటూ కావొచ్చన్న హద్దులు), దానికే ఆ సర్టిఫికెట్.

ఇక ఫిట్టర్ ట్రేడ్‌లో మొదటి నెలలు ఎలా ఉంటాయో చెబుతాను. ఎవరూ చెప్పరు, అందుకే సగంమంది పిల్లలు దసరాకి ముందే మానేస్తారు. మెషిన్ ముట్టుకోనివ్వం. ఒక మైల్డ్ స్టీల్ (మెత్తటి ఉక్కు) ముక్క, ఒక హ్యాక్సా (ఇనుము కోసే రంపం), ఒక ఫైల్. మీ నాన్నగారు ఆకురాయి అంటారు. ఆ ముక్కని చదునుగా రాయాలి, అంటే ఫైల్‌తో అరగదీయాలి, మూల మట్టానికి తేవాలి. వినడానికి ఇంతే. రాయడం మొదలుపెట్టిన ప్రతివాడి ముక్కా మధ్యలో ఉబ్బుతుంది, అంచులు వాలిపోతాయి. కారణం చేతులు ఉయ్యాలలా ఊగడం. ఫైల్ ముందుకు తోసేటప్పుడు మొదట్లో ఎడమచేతి బరువు ఎక్కువ ఉండాలి, మధ్యలో రెండూ సమానం, చివరికి కుడిచేతి బరువు ఎక్కువ. వెనక్కి తెచ్చేటప్పుడు బరువు వేయకూడదు, పళ్లు పోతాయి. వైస్ మోచేతి ఎత్తులో ఉండాలి. పొట్టి పిల్లలకి నేను కింద చెక్క పలక వేయించేవాణ్ణి. ఇవన్నీ పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. ఒంటికి పట్టడానికి మూడు నెలలు.

ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు గీతలా కనిపిస్తుంది. ఎక్కడ వెలుగుందో అక్కడ పల్లం. పిల్లాడు వెలుగు లేనిచోట రాయాలి, కానీ కొత్తవాడు కంగారులో వెలుగున్న చోటే మళ్లీ రాస్తాడు. అరచేత్తో ఆ ముక్కని తడుముతాడు కూడా, ముద్దుగా. చేతి చెమట, నూనె అంటుకున్నాక ఫైల్ కొరకదు, జారుతుంది. ఇరవైమందిలో ముక్క తడమని పిల్లాడు నాకు ఏడాదికి ఒక్కడు దొరికేవాడు.

మొదట్లో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటాం. రెండో ఏడాదికి వచ్చేసరికి అదే చేత్తో, అదే ఫైల్‌తో, మిల్లీమీటరులో నూరో వంతుల్లో మాట్లాడుకుంటాం. వెర్నియర్ (ఇంకో కొలిచే పనిముట్టు) 0.02 మిల్లీమీటరు దాకా చూపిస్తుంది, మైక్రోమీటర్ 0.01. డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు గాడి) ముక్కలు రెండూ ఒకదాంట్లో ఒకటి చప్పుడు లేకుండా జారితే, ఆ పిల్లాడు దాన్ని ఇంటికి పట్టుకుపోతానంటాడు. రూల్ ప్రకారం ఇవ్వకూడదు.

ఇప్పుడు దారుల సంగతి. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ రెండేళ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్ ఏడాది. పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. అక్కడితో ఆగొద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పెద్ద ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లని తీసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. మీకు దగ్గర్లోనే స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉన్నాయి. అక్కడ ఒక ఏడాది చేసినవాడికీ చేయనివాడికీ తేడా వాడు స్పానర్ అందుకునే తీరులోనే తెలుస్తుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి, టెక్నీషియన్ పోస్టులకి పది, ఐటీఐ అర్హత. పోటీ విపరీతం, అది వేరే విషయం. అచ్యుతాపురం, పరవాడల్లో మెయింటెనెన్స్ ఫిట్టర్ పని ఉంటుంది, ఎక్కువగా కాంట్రాక్టర్ కింద. పర్మినెంట్ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. షిఫ్టులు, రాత్రి రెండింటికి పంపు సీల్ పోయి కారితే లేచి వెళ్లడాలు, వేడి, వాసన. ముందే తెలిసి చేరాలి.

డిప్లొమా మీద మోజు తర్వాత పుట్టినా దారి మూసుకుపోదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి అలా వెళ్లి, ఈసెట్ (డిప్లొమా వాళ్లకి బీటెక్ ఎంట్రన్స్) రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. ఇంజినీరింగ్ డ్రాయింగ్ క్లాసులో లెక్చరర్‌కే తప్పు చూపించిందట. నాకు ఫోన్ చేసి చెప్పి నవ్వింది. నాలాగా చెప్పే పని కావాలంటే ఏడాది సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ కోర్సు) ఉంది, హైదరాబాద్ విద్యానగర్‌లో చేయొచ్చు.

ఇదంతా తర్వాత. ఈలోగా ఒక పని చేయండి. ఇంట్లో కొలిమి ఉందిగా, వైస్ కూడా ఉండే ఉంటుంది. పాత ఇనుప దుకాణంలో ఒక మైల్డ్ స్టీల్ ఫ్లాట్ (పట్టీ) ముక్క తెప్పించండి, పది మిల్లీమీటర్ల మందం, యాభై వెడల్పు. యాభైకి యాభై చతురస్రం రాయమనండి, నాలుగు మూలలూ మట్టానికి రావాలి. ఏమీ నేర్పకండి. ఎంత బాగా వచ్చిందని చూడొద్దు, బాగా రాదు. రెండోరోజు చేతులు బొబ్బలెక్కాక మళ్లీ వైస్ దగ్గరికి వెళ్లాడా లేదా చూడండి.

---

డిప్లొమా హోల్డర్ రాశారు:

మాస్టారి మాట కాదనను, కానీ అవతలి పక్క కూడా వినాలి. నేను డీఎంఈ (మెకానికల్ డిప్లొమా) చేసి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. మా ప్లాంట్‌లో నాకంటే పని బాగా వచ్చిన ఫిట్టర్లున్నారు. పంప్, మోటర్ కలిపే కప్లింగ్‌కి డయల్ గేజ్ (ముల్లుతో తేడా చూపే కొలత) పెట్టి రెండూ ఒకే గీతలోకి తేవాలంటే వాళ్లే తేవాలి, నేను రీడింగ్ రాసుకుంటా. అయినా ఇంక్రిమెంట్ ముందు నాకే వస్తుంది, కుర్చీ నాకే ఉంది. న్యాయమా అంటే కాదు. కానీ ఉన్నదది. ఐటీఐ అంటే పదేళ్లకి కూడా ‘ఒరేయ్’ అని పిలిచే ఆఫీసర్లని చూశాను. మీ నాన్నగారి భయం పని గురించి కాకపోవచ్చు, ఆ పిలుపు గురించి కావచ్చు.

ర్యాంకు దూరమైనా పాలిటెక్నిక్ సీటు వదులుకునేముందు ఆలోచించండి. ఐటీఐ నుంచి డిప్లొమాకి వెళ్లొచ్చంటే వెళ్లొచ్చు, కానీ 18 ఏళ్లకి జీతం రుచి మరిగాక ఎంతమంది వెనక్కి చదువుకి వస్తారు? నా బ్యాచ్‌లో అలా వచ్చినవాడు ఒక్కడే.

---

ముప్పయ్యేళ్ల వైస్ రాశారు:

డిప్లొమా హోల్డర్ గారూ, పిలుపు గురించి మీరు రాసిందానికి నా దగ్గర జవాబు లేదు. నన్నూ అలాగే పిలిచారు.

---

కొలిమింటి పెద్దోడు రాశారు:

అందరికీ చాలా థ్యాంక్స్. లేటుగా రాస్తున్నందుకు సారీ, ఊరెళ్లొచ్చా.

మాస్టారూ, మీరు చెప్పినట్టే ముక్క తెప్పించాను. వైస్ ఉంది, దవడలు తుప్పుపట్టి కదల్లేదు, కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచాం. ఆకురాయి నాన్నదే. పిడి విరిగిపోయి ఉంటే నాన్న మాట్లాడకుండా లోపలికెళ్లి తుమ్మకర్ర ముక్క చెక్కి తెచ్చి బిగించి, మళ్లీ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మొదటిరోజు తమ్ముడు మధ్యాహ్నం దాకా రాశాడు. మధ్యలో ఉబ్బిపోయింది, అచ్చం మీరన్నట్టే. అరచేత్తో తడిమాడు కూడా, నాకు నవ్వాగలేదు. సాయంత్రానికి రెండు బొబ్బలు, ఒకటి చిట్లింది. రెండోరోజు పొద్దున నేను లేచేసరికి చప్పుడు వినిపిస్తోంది. వేలికి గుడ్డ చుట్టుకుని రాస్తున్నాడు.

నాన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. కాసేపటికి అక్కణ్ణుంచే, “వెనక్కొచ్చేటప్పుడు ఎందుకురా అదుముతావ్, ఆకురాయి చచ్చిపోద్ది” అన్నారు. ఆయన మీ పోస్టు చదవలేదు, నేను చూపించలేదు.

మర్నాడు ముగ్గురం బస్సెక్కి ఒక గవర్నమెంట్ ఐటీఐకి వెళ్లాం. పాత ట్రైనీ చెప్పినట్టు ముందు నేల చూశా. రజనుంది. ఒక లేత్ మూలన పాడై ఉంది, మిగతావి తిరుగుతున్నాయి. నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పిల్లాడు చేసిన డవ్‌టెయిల్ ముక్కలు బల్లమీద ఉంటే చేతిలోకి తీసుకుని జార్పి చూశారు. మళ్లీ జార్పారు. “దీన్ని ఏ మెషిన్ మీద చేశారు?” అని అడిగారు. చేత్తో అని చెబితే ఆ ఇన్‌స్ట్రక్టర్ మొహంలోకి చూశారు, నమ్మనట్టు.

ఒప్పుకున్నారని చెప్పలేను. వచ్చేటప్పుడు బస్సులో పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఎప్పుడని కూడా అడిగారు. డిప్లొమా హోల్డర్ గారూ, మీరు రాసిన పిలుపు సంగతి నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. రెండిటికీ అప్లై చేస్తున్నాం.

తమ్ముడి ముక్కకి మూడు వైపులు పర్వాలేదు. నాలుగో వైపు మట్టం పెట్టి చూస్తే నా విజిటింగ్ కార్డు దూరిపోతోంది. ఇంకో ముక్క తెమ్మంటున్నాడు.

మాస్టారూ, ఒక డౌట్. నాన్న ఆకురాయి పాతది, పళ్లలో రజను ఇరుక్కుని ముక్క మీద గీతలు పడుతున్నాయి. కొత్తది కొనాలంటే తమ్ముడు చదునుకి స్మూత్ (సన్న పళ్లది) అంటున్నాడు, నాన్నేమో ముందు బాస్టర్డ్ (ముతక పళ్లది) కొనమంటున్నారు. ఏది కొనమంటారు?

---

ముప్పయ్యేళ్ల వైస్ రాశారు:

మీ నాన్నగారు చెప్పిందే. పన్నెండంగుళాల ఫ్లాట్ బాస్టర్డ్. పాతదాన్ని పారేయకండి, ఇత్తడి తీగల బ్రష్‌తో పళ్ల వాలు వెంబడి గీకి, సుద్దముక్క రుద్ది వాడండి, రజను పట్టదు. స్మూత్ ఫైల్ సంగతి ఆ నాలుగో వైపు సరిగ్గా వచ్చాక.